నచ్చజెప్పడం, నమ్మించడం, ఒప్పించడం: ఒక ఇంగ్లిషు క్రియపై పాఠకుల ప్రశ్నలు

ఎదుటివారి అభిప్రాయాన్ని మార్చడం గురించి చెప్పేటప్పుడు ఇంగ్లిషులో తరచుగా వాడే ‘కన్విన్స్’ అనే క్రియ మీద, దానికి తోబుట్టువైన ‘పర్స్వేడ్’ మీద ఈ మధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఒకదానితో ఒకటి ముడిపడిన అయిదింటిని ఎంచుకొని ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయించాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగ్గా ఉంటుంది. తక్కినవి దాని మీదే ఆధారపడతాయి కనుక దానిని ముందుగా చదవవలసిందిగా మనవి.

ప్రశ్న: గురువుగారికి నమస్కారాలు. నేను రాజాంలో డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. విశాఖపట్నంలో ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు, బెంగళూరు పంపడానికి మీ ఇంట్లో ఒప్పుకున్నారా అని అడిగారు. నేను ‘మై ఫాదర్ ఈజ్ నాట్ అగ్రీయింగ్, బట్ ఐ కన్విన్స్‌డ్ వెరీ మచ్, దెన్ హీ కన్విన్స్‌డ్’ అని జవాబు చెప్పాను. అడిగినావిడ నవ్వి, “ఇంతకీ ఎవరు ఎవరిని కన్విన్స్ చేశారమ్మా?” అని తెలుగులో అడిగారు. మా ఇంట్లో రోజూ ‘నాన్న కన్విన్స్ అయ్యారు’ అనే అంటాము. అదే మాటను ఇంగ్లిషులో చెబితే తప్పెందుకయింది?
(ఒక విద్యార్థిని, రాజాం)

జవాబు: అమ్మా, ఆవిడ నవ్వినందుకు నీవు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు, ఎందుకంటే నీ ప్రశ్నకు జవాబు ఆవిడ మాటలోనే ఉంది. ‘ఎవరు’, ‘ఎవరిని’ అనే రెండు చోట్లూ నిండితే తప్ప కన్విన్స్ అనే క్రియ ఇంగ్లిషులో నిలబడదు. నీ వాక్యంలో ఆ క్రియ రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ ‘ఎవరిని’ అన్న చోటు ఖాళీగానే ఉండిపోయింది.

ఇంట్లో మనం ‘నాన్న కన్విన్స్ అయ్యారు’ అంటాము, ‘నాన్నను కన్విన్స్ చేశాను’ అని కూడా అంటాము. ఈ రెండూ చక్కని తెలుగు వాక్యాలే. అయితే వీటిలో కన్విన్స్ అనేది క్రియ కాదు. అది అరువు తెచ్చుకున్న ఒక పేరు మాత్రమే, క్రియ చేయవలసిన పనినంతా ‘అవు’, ‘చేయు’ అనే మన మాటలే చేస్తున్నాయి. రెడీ అయ్యాడు, రెడీ చేశాడు, కన్‌ఫ్యూజ్ అయ్యాడు, కన్‌ఫ్యూజ్ చేశాడు అనే జంటలను గమనించు. ఇంగ్లిషు నుంచి ఏ మాట తెచ్చుకున్నా దానికి ‘అవు’ చేర్చి ఒకరికి జరిగిన సంగతిని, ‘చేయు’ చేర్చి ఒకరు జరిపించిన సంగతిని చెప్పుకోవడం మనకు అలవాటు. చిక్కంతా ఆ మాటను తిరిగి ఇంగ్లిషులోకి తీసుకువెళ్ళేటప్పుడు వస్తుంది. అప్పుడు ‘అయ్యారు’, ‘చేశాను’ అనే తోకలను గుమ్మం దగ్గరే వదిలేస్తాము కనుక, ఒప్పుకున్న నాన్నకూ ఒప్పించిన కూతురికీ కలిపి ‘కన్విన్స్‌డ్’ అనే ఒక్క మాటే మిగులుతుంది. నీ వాక్యంలో జరిగింది సరిగ్గా ఇదే.

మన సొంత క్రియల్లో ఈ తేడా మాటలోనే కనిపిస్తుంది. ఒప్పుకొను, ఒప్పించు; నమ్ము, నమ్మించు. ‘ఇంచు’ చేరగానే పని చేయించేవాడు ఒకడు, చేసేవాడు మరొకడు అని తెలిసిపోతుంది. ఇంగ్లిషులోని కన్విన్స్ పుట్టుకతోనే ‘ఇంచు’ను వెంట తెచ్చుకున్న క్రియ అనుకో. దానికి సమానం ‘నమ్మించు’ తప్ప ‘నమ్ము’ ఏనాటికీ కాదు. కనుక నీకొక గీటురాయి ఇస్తాను. కన్విన్స్ ఉన్న చోట ‘నమ్మించు’ అని పెట్టి చదువు. ‘హీ కన్విన్స్‌డ్’ అంటే ‘ఆయన నమ్మించారు’ అవుతుంది. ‘ఎవరిని?’ అనే ప్రశ్న గాలిలో వేలాడుతున్నంతసేపూ ఆ వాక్యం పూర్తి కాలేదని అర్థం.

మరి ‘నాన్న కన్విన్స్ అయ్యారు’ అని చెప్పాలంటే ఏమనాలి? ‘మై ఫాదర్ వాజ్ కన్విన్స్‌డ్’ అనాలి. ఆ ‘వాజ్’ చిన్నదే కాని, అది లేకపోతే ఒప్పుకున్న మనిషి ఒప్పించిన మనిషైపోతాడు. దానిని మనం ఎందుకు మరచిపోతామో కూడా చెబుతాను. ‘నాన్న నమ్మించబడ్డారు’ అని ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఎవరూ అనరు. ‘బడు’తో కట్టిన కర్మణి వాక్యం తెలుగు నోటికి ఎక్కదు, ప్రభుత్వ ప్రకటనల్లో తప్ప అది మనకు కనిపించదు. అందువల్ల ఇంగ్లిషు పాఠంలో కర్మణి వాక్యాలను మార్కుల కోసం అటూ ఇటూ తిప్పి, నోరు తెరిచినప్పుడు వాటిని వదిలేస్తాము. అయితే ఇంగ్లిషులో కొన్ని క్రియల విషయంలో ఆ రూపమే సహజమైనది. ‘ఐ యామ్ కన్విన్స్‌డ్’, ‘ఐ యామ్ కన్‌ఫ్యూజ్‌డ్’, ‘ఐ వాజ్ ఇంప్రెస్‌డ్’, ‘షీ వాజ్ సర్‌ప్రైజ్‌డ్’ అన్నవి ఒకే కుటుంబానికి చెందినవి. వీటిని ‘బడు’తో కాకుండా ‘నాకు’తో అనువదించుకుంటే నోటికి చక్కగా అందుతాయి. ‘ఐ యామ్ కన్విన్స్‌డ్’ అంటే నాకు నమ్మకం కుదిరింది, ‘షీ వాజ్ సర్‌ప్రైజ్‌డ్’ అంటే ఆమెకు ఆశ్చర్యం కలిగింది. మనం ‘నాకు’, ‘ఆమెకు’ అనే చోట వాళ్ళు ‘యామ్’, ‘వాజ్’ అంటారని గుర్తుంచుకుంటే చాలు.

ఇక నీ వాక్యంలోని రెండో పొరపాటు ఇంతకంటే లోతైనది, ఇంతకంటే ఆసక్తికరమైనది. ‘ఐ కన్విన్స్‌డ్ వెరీ మచ్’ అన్నావు. ‘చాలా నచ్చజెప్పాను’ అన్నది నీ మనసులోని మాట. తెలుగులో ‘నచ్చజెప్పు’ అనేది ప్రయత్నాన్ని మాత్రమే చెబుతుంది, ఫలితాన్ని చెప్పదు. “ఎంత నచ్చజెప్పినా వినలేదు” అని మన ఇళ్ళల్లో రోజూ వినబడే మాటలో అసంబద్ధత ఏమీ లేదు. ‘ఒప్పించు’ అలా కాదు. “ఎంత ఒప్పించినా ఒప్పుకోలేదు” అంటే వినేవాళ్ళు వింతగా చూస్తారు, ఎందుకంటే ఒప్పుకుంటేనే అది ఒప్పించడం అవుతుంది. కన్విన్స్ ఈ రెండో తరహా క్రియ. అవతలి మనిషి మనసు మారిన తరువాతే ఆ మాట వాడే హక్కు మనకు వస్తుంది. కనుక ‘ఐ కన్విన్స్‌డ్ హిమ్ బట్ హీ డిడ్ నాట్ అగ్రీ’ అనే వాక్యం, పొయ్యి మీదున్న బియ్యాన్ని అన్నం వండేశానని చెప్పడం వంటిది. అదే విధంగా ‘ఐ వాజ్ కన్విన్సింగ్ హిమ్ ఫర్ టూ అవర్స్’ అని మన పిల్లలు అంటూ ఉంటారు. రెండు గంటలు సాగింది ప్రయత్నమే కాబట్టి అక్కడ ‘ట్రైయింగ్ టు’ చేర్చి ‘ఐ వాజ్ ట్రైయింగ్ టు కన్విన్స్ హిమ్’ అనాలి. ‘నచ్చజెప్పు’కు ఇంగ్లిషులో సరైన మాట కన్విన్స్ కాదు, ‘ట్రై టు కన్విన్స్’. ఒక్క మాట బదులు మూడు మాటలు వాడవలసి రావడం ఇంగ్లిషు లోటే అనిపిస్తుంది నాకు. ‘నచ్చజెప్పు’ అనడంలో ఉన్న ఓపిక ఆ మూడు మాటల్లో లేదు.

ఇంకొక చిన్న సంగతి. ‘నాకు నచ్చజెప్పాడు’ అనే వాక్యంలో ‘నాకు’ ఉంది కదా అని కొందరు ‘హీ కన్విన్స్‌డ్ టు మీ’ అంటారు. కన్విన్స్‌కూ మనిషికీ మధ్య ‘టు’ రాకూడదు, ‘కన్విన్స్‌డ్ మీ’ అంతే. విచిత్రమేమిటంటే ‘టు’ తప్పనిసరిగా ఉండవలసిన ‘ఎక్స్‌ప్లెయిన్’ దగ్గర మాత్రం దానిని వదిలేసి ‘హీ ఎక్స్‌ప్లెయిన్‌డ్ మీ’ అంటాము. అక్కడ తీసిన ‘టు’ను తెచ్చి ఇక్కడ పెడుతున్నామేమో అని నా తరగతి గదిలో నవ్వుతూ అంటూ ఉండేవాడిని.

నీవు చెప్పదలచుకున్నదానిని ఇలా చెప్పి ఉండవచ్చు: ‘మై ఫాదర్ డిడ్ నాట్ అగ్రీ ఎట్ ఫస్ట్. ఐ టాక్‌డ్ టు హిమ్ ఫర్ త్రీ డేస్. ఇన్ ది ఎండ్ ఐ కన్విన్స్‌డ్ హిమ్ దట్ ద హాస్టల్ వాజ్ సేఫ్.’ ఇందులో ‘వెరీ మచ్’ లేదు, ఆ బరువును మూడు రోజులు మోస్తున్నాయి.

ప్రశ్న: అయ్యా, నేను సోంపేట ప్రాంతంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తున్నాను. తుపాను హెచ్చరిక సమయంలో తీరప్రాంత గ్రామాల వారిని షెల్టరుకు వెళ్ళడానికి ఒప్పించామని తెలిపే నివేదికలో ‘వుయ్ పర్స్యూడ్ ద విలేజర్స్ టు ద షెల్టర్’ అని రాశాను. మా అధికారి దానిని చదివి, మీరంతా కర్రలు పట్టుకొని వెళ్ళారా అని అడిగారు. అసలు రాయవలసినది కన్విన్స్ అనా, పర్స్వేడ్ అనా? రెండింటికీ తేడా ఉందా?
(ఒక ఉద్యోగి)

జవాబు: అయ్యా, మీ అధికారి అన్న మాటలో నిజం ఉంది. ‘పర్స్యూ’ వేరు, ‘పర్స్వేడ్’ వేరు. పర్స్యూ అంటే వెంబడించడం, వెంటపడడం. మన కార్యాలయాల్లో ‘ఆ ఫైలు పర్సూ చేస్తున్నాం’ అనే మాట దశాబ్దాలుగా వాడుకలో ఉంది కనుక, ఆ శబ్దం మీ చేతికి అలవాటుగా వచ్చి ఉంటుంది. ఫైలును పర్స్యూ చేయవచ్చు, అది పరుగెత్తినా ప్రమాదం లేదు. గ్రామస్థులను పర్స్యూ చేశామని రాస్తే మాత్రం వాళ్ళను షెల్టరు దాకా తరిమినట్లు అవుతుంది. మీరు రాయవలసినది ‘పర్స్వేడెడ్’. దీనిని పలికేటప్పుడు నడుమ ‘స్వే’ అనే అక్షరం స్పష్టంగా వినబడాలి. ‘పర్స్యుయేడ్’ అని సాగదీయడం వల్లనే ఈ రెండు మాటలూ కలగలిసిపోతున్నాయి.

తేడా గురించి అడిగారు. మీ నివేదికలోని సందర్భమే దానికి అన్నిటికంటే మంచి ఉదాహరణ. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తితలీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమైన ఆ రోజు మన జిల్లాలో ఎవరికీ మరపు రాదు. అటువంటి తుపానుకు ముందటి సాయంత్రం ఒక ఇంటి ముందు నిలబడి మాట్లాడుతున్నారనుకోండి. తుపాను వస్తుందని ఇంటివారికి నమ్మకం కుదిరింది, ఆకాశం చూసినా రేడియో విన్నా అదే తెలుస్తోంది. అయినా పడవను, వలను, మేకలను వదిలి వాళ్ళు కదలడం లేదు. అప్పుడు వాళ్ళు కన్విన్స్ అయ్యారు, పర్స్వేడ్ కాలేదు. పక్కింటి ముసలాయనకు తుపాను మీద నమ్మకమే లేదు, ఇటువంటివి ఎన్నో చూశానంటాడు. కాని మనవరాలు చేయి పట్టుకొని ఏడిస్తే లేచి వెంట నడిచాడు. ఆయన పర్స్వేడ్ అయ్యాడు, కన్విన్స్ కాలేదు. అంటే కన్విన్స్ బుద్ధికి సంబంధించినది, నమ్మకం దగ్గర ఆగుతుంది. పర్స్వేడ్ నడకకు సంబంధించినది, మనిషి కదిలి పని చేసినప్పుడు అది పూర్తవుతుంది.

వాక్య నిర్మాణమూ ఈ తేడాను అనుసరించే ఉంటుంది. కన్విన్స్ తరువాత మనిషి, ఆ తరువాత ‘దట్’ గాని ‘ఆఫ్’ గాని వస్తాయి: ‘వుయ్ కన్విన్స్‌డ్ దెమ్ దట్ ద సైక్లోన్ వాజ్ కమింగ్’, ‘వుయ్ కన్విన్స్‌డ్ దెమ్ ఆఫ్ ద డేంజర్’. పర్స్వేడ్ తరువాత మనిషి, ఆ తరువాత ‘టు’తో కూడిన క్రియ వస్తాయి: ‘వుయ్ పర్స్వేడెడ్ దెమ్ టు లీవ్ దెయిర్ హోమ్స్’. మీ నివేదికలో ‘వుయ్ పర్స్వేడెడ్ ద విలేజర్స్ టు మూవ్ టు ద షెల్టర్’ అని రాయండి. ‘మూవ్’ అనే క్రియను వదలకండి. పర్స్వేడెడ్ తరువాత నేరుగా ‘టు ద షెల్టర్’ అనడం కుదరదు, ఎవరినైనా ఒక పనికి ఒప్పిస్తాము తప్ప ఒక భవనానికి ఒప్పించలేము.

ఈ రెండు మాటలూ ఇంగ్లిషులోకి లాటిన్ నుంచి వచ్చినవి, వాటి పుట్టుకలోనూ ఈ తేడా కనబడుతుంది. కన్విన్స్‌లో ఉన్నది గెలవడం అనే అర్థమున్న ధాతువు. నేరం రుజువైన వానిని తెలిపే ‘కన్విక్ట్’ కూడా అక్కడి నుంచే వచ్చింది. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లిషులో కన్విన్స్‌కు ఓడించడం, తప్పు నిరూపించడం అనే అర్థాలు ఉండేవి. పర్స్వేడ్‌లోని ‘స్వేడ్’ భాగం సలహా చెప్పడం, పురికొల్పడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చింది. దాని మూలం ఇంకా వెనక్కి వెళ్తే తీపి. ఇంగ్లిషులోని ‘స్వీట్’, సంస్కృతంలోని ‘స్వాదు’ దాని బంధువులే. మనం ఆస్వాదించడం అని వాడుతున్న మాటలోనూ ఆ తీపి ఉంది. ఒకటి వాదించి గెలవడం, మరొకటి తియ్యగా చెప్పి దారికి తెచ్చుకోవడం. తీరగ్రామంలో ఆ సాయంత్రం మీకు రెండూ అవసరమై ఉంటాయి.

ప్రశ్న: ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా మా మనవడు బడిలో ఇంగ్లిషులో ప్రసంగించాడు. ‘గిడుగు కన్విన్స్‌డ్ ద పండిట్స్ టు రైట్ ఇన్ స్పోకెన్ తెలుగు’ అని అతడు రాసుకున్న వాక్యంలో కన్విన్స్‌డ్ కింద వాళ్ళ ఉపాధ్యాయుడు ఎర్రగీత గీశాడు. నేను ముప్పై ఏళ్ళు ఇంగ్లిషు చెప్పినవాడిని. నా అభిప్రాయమూ అదే, కన్విన్స్ తరువాత ‘టు’ రాకూడదు. కాని మనవడు ఫోనులో నిఘంటువు తీసి, ‘కన్విన్స్ సమ్‌బడీ టు డూ’ అని చూపిస్తున్నాడు. ఎవరిది ఒప్పు?
(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నరసన్నపేట)

జవాబు: మాస్టారూ, మీరు చదువుకున్న వ్యాకరణమూ తప్పు కాదు, మీ మనవడి నిఘంటువూ తప్పు కాదు. మన తరంవారికి నేర్పిన నియమం ‘కన్విన్స్ దట్, పర్స్వేడ్ టు’ అన్నదే. పైన సోంపేట ఉద్యోగికి నేను చెప్పినదీ అదే. కాని ఇరవయ్యో శతాబ్దం నడిమి భాగం నుంచి అమెరికా వాడుకలో ‘కన్విన్స్ హిమ్ టు గో’ వంటి వాక్యాలు విస్తరించాయి. మొదట్లో వ్యాకరణకారులు వాటిని చాలా గట్టిగానే ఖండించారు. తరువాత మంచి రచయితలే అలా రాస్తూ పోవడం వల్ల ఆ అభ్యంతరం సడలిపోయింది. నేటి నిఘంటువులు ఆ ప్రయోగాన్ని తప్పుగా చూపవు. అయినా పోటీ పరీక్షకు కూర్చునే పిల్లలకు నేను పాత నియమాన్నే చెబుతాను. ‘టు’ కనిపిస్తే పర్స్వేడ్ ఎంచుకున్నవాడికి మార్కు పోయిన సందర్భం నేను చూడలేదు. ప్రసంగంలో మాత్రం ఆ ఎర్రగీత అవసరం లేదని నా అభిప్రాయం. వాడుకను కాదన్న వ్యాకరణంతో జీవితమంతా పోరాడిన గిడుగువారి మీద రాసిన వాక్యంలోనే వాడుకను తప్పు పట్టడం ఏమంత బాగుంటుంది చెప్పండి.

అయితే ఆ వాక్యంలో వ్యాకరణం కంటే పెద్ద చిక్కు ఒకటి ఉంది, దాని కింద గీత గీసి ఉంటే నేను ఆ ఉపాధ్యాయుడిని మెచ్చుకునేవాడిని. ‘కన్విన్స్‌డ్ ద పండిట్స్’ అంటే పండితులందరూ మారారని అర్థం వస్తుంది. మొదటి జవాబులో చెప్పినట్లు ఈ క్రియ ఫలితాన్ని కూడా చెబుతుంది కదా. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేసి, సవర భాషను శ్రద్ధగా నేర్చుకొని దానికి నిఘంటువు కూర్చిన మనిషి. మాట్లాడే తెలుగే పాఠాల్లో ఉండాలన్న నమ్మకం ఆయనకు తిరుగులేనిది. విజయనగరంలో గురజాడ అప్పారావుగారు ఆయనతో కలిసి నిలిచారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రికను ఆయన ఈ వాదం కోసమే నడిపారు. కాని జయంతి రామయ్య పంతులుగారి వంటి ఉద్దండులు ఎదురు నిలిచి వాదించారు. 1940లో గిడుగువారు కన్నుమూసేనాటికి కూడా బడి పుస్తకాలన్నీ మారలేదు.

ఈ చరిత్రను ఇంగ్లిషులో చెప్పాలంటే మనం ఇంతవరకు చెప్పుకున్న రూపాలన్నీ అవసరమవుతాయి. ఆయన నమ్మకానికి ‘గిడుగు వాజ్ కన్విన్స్‌డ్ దట్ చిల్డ్రన్ షుడ్ లెర్న్ త్రూ లివింగ్ తెలుగు’ అనాలి. ఏళ్ళ తరబడి సాగిన ప్రయత్నానికి ‘హీ స్పెంట్ హిజ్ లైఫ్ ట్రైయింగ్ టు కన్విన్స్ ద పండిట్స్’ అనాలి. ఫలితం దగ్గరకు వచ్చేసరికి ‘హీ కన్విన్స్‌డ్ మెనీ, బట్ నాట్ ఆల్’ అనాలి. రామయ్య పంతులుగారి విషయంలో ‘హీ రిమెయిన్‌డ్ అన్‌కన్విన్స్‌డ్’ అనడం మర్యాదగా ఉంటుంది. ‘అన్‌కన్విన్స్‌డ్’ అనే మాటలో విన్నాడు, ఆలోచించాడు, అయినా మారలేదు అనే గౌరవం ఉంది. తెలుగులో దానికి ఒక్క మాట వెతికాను. ‘ఒప్పుకోలేదు’ అంటే మొండితనం ధ్వనిస్తుంది, ‘సమాధానపడలేదు’ కొంత దగ్గరగా ఉంది. ఈ నాలుగు వాక్యాలను మీ మనవడికి ఇవ్వండి, వచ్చే ఆగస్టుకు పనికివస్తాయి.

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరకు విదేశం వెళ్దామని టిక్కెట్టు కొనిపించుకొని, తరువాత వద్దనుకున్నాను. ఫోనులో కోడలికి ‘మై మైండ్ ఈజ్ చేంజ్‌డ్’ అని చెబితే పిల్లలు నవ్వారు. మనసు మారిందని చెప్పడానికి ఇంగ్లిషువారు ఏమంటారు?
(ఒక గృహిణి, బొబ్బిలి)

జవాబు: అమ్మగారూ, ‘ఐ హావ్ చేంజ్‌డ్ మై మైండ్’ అంటారు. తెలుగులో మీరు ‘మనసు మార్చుకున్నాను’ అంటే ఎలా ఉంటుందో ఇది అచ్చంగా అలాగే ఉంటుంది. ‘మార్చుకొను’లో ‘కొను’ ఏ పని చేస్తోందో ఇంగ్లిషులో ‘మై’ ఆ పనే చేస్తుంది. ‘మనసు మారింది’ అని మనసునే కర్తగా చేసి, ఆ మార్పులో మన ప్రమేయం లేనట్లు తప్పుకోవడం తెలుగులో చాలా సుఖమైన పద్ధతి. ఇంగ్లిషువారు ఆ సౌకర్యాన్ని మనకు ఇవ్వరు, మార్చుకున్నది నేనే అని ఒప్పుకోవలసిందే. పలువురు మార్చుకుంటే ‘దే చేంజ్‌డ్ దెయిర్ మైండ్స్’ అని బహువచనం వాడాలి, తెలుగులో ఎందరున్నా మనసు ఒక్కటే. ఇంకొకటి, ఈ ‘మైండ్’ ఇక్కడ నిర్ణయానికి, అభిప్రాయానికి సంబంధించినది. కోపం పోయి ప్రేమ కలిగిందని చెప్పాలంటే ‘చేంజ్ ఆఫ్ హార్ట్’ అంటారు. మీ విషయంలో అటువంటిదేమీ లేదని కోడలికి తెలిసే ఉంటుంది.

ప్రశ్న: ఒక పని చేయమని ఒప్పించడం పర్స్వేడ్ అయితే, వద్దని చెప్పి మాన్పించడం ఏమవుతుంది?
(ఒక ఇంటర్ విద్యార్థి, విజయనగరం)

జవాబు: ‘డిస్వేడ్’ అవుతుంది. పర్స్వేడ్‌లోని ఆ తీపి ధాతువే ఇక్కడా ఉంది, దాని ముందు ‘డిస్’ చేరింది. అయితే దీని తరువాత ‘టు’ రాదు, ‘ఫ్రమ్’ వస్తుంది, క్రియకు చివర ‘ఇంగ్’ చేరుతుంది: ‘వుయ్ డిస్వేడెడ్ హిమ్ ఫ్రమ్ గోయింగ్’. ‘డిస్వేడ్ హిమ్ టు గో’ అంటే తప్పు, దానిని పరీక్షల్లో వెతికి మరీ ఇస్తారు. మాటల్లో మాత్రం ఇది కొంచెం పుస్తకాల వాసన వేస్తుంది. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఇంగ్లిషువారు ‘టాక్ హిమ్ అవుట్ ఆఫ్ ఇట్’ అంటారు. ‘మాన్పించు’కు అదే దగ్గర. డిస్వేడ్ కూడా ఫలితాన్ని చెప్పే క్రియే, మానేస్తేనే ఆ మాట వాడాలి. మీ ఊరి ఉదాహరణే చెబుతాను. దసరా వెళ్ళిన తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం కదా. ఆ రద్దీలో వద్దని, ఇంట్లో కూర్చొని టీవీలో చూడమని ఎనభై దాటిన మా అక్కకు ఇంటిల్లిపాదీ నచ్చజెప్పాము. ‘వుయ్ ట్రైడ్ టు డిస్వేడ్ హర్’ అన్నంతవరకే నేను రాయగలను, ఎందుకంటే ఆవిడ మధ్యాహ్నానికే కోట దగ్గరకు చేరుకుంది.